కదిలే చుక్క దారి కనిపెట్టే పిల్లలు



రోహిణి కార్తె అనగానే మనకు ఎండ గుర్తొస్తుంది. రోళ్ళు పగిలే ఎండ అంటాం. ఆ తరువాత మృగశిర వస్తుంది. నాలుగు చినుకులు పడతాయి. దుక్కులు మొదలవుతాయి.

కార్తె అంటే ఏమిటి? సూర్యుడు ఆకాశంలో ఏ నక్షత్రం దగ్గర ఉన్నాడో, ఆ నక్షత్రం పేరే కార్తెకు పెట్టారు. పంచాంగంలో "ఈ రోజు చిత్త" అని ఉంటుంది. అంటే చంద్రుడు ఆ రోజు చిత్త నక్షత్రం దగ్గర ఉన్నాడని అర్థం.

రాత్రిపూట చుక్కలన్నీ తూర్పు నుంచి పడమటికి జరుగుతాయి. కాని వాటి వరస మారదు. పిల్లలకోడి చుక్కలు ఎప్పుడూ ఒకే గుంపుగా ఉంటాయి. నిన్న ఎలా ఉన్నాయో ఈ రోజూ అలాగే ఉంటాయి. చంద్రుడు అలా కాదు. ఈ రోజు ఒక చుక్క పక్కన ఉంటాడు. రేపు ఇంకో చుక్క దగ్గరికి వెళతాడు.

మన పెద్దవాళ్ళు ఇది కనిపెట్టారు. వరస మారని చుక్కలను గుర్తు పెట్టుకున్నారు. వాటి మధ్య కదిలేవాటిని రోజూ చూశారు. లెక్క కట్టారు. దీన్నే పరిశీలన అంటారు.

ఇదే పనిని వేసవి సెలవుల్లో హైస్కూలు పిల్లలు చేసే చోటు ఒకటి ఉంది. ఆ సంగతి తెలుసుకుందాం.

1959లో మొదలైన వేసవి బడి

ఆ చోటు అమెరికా దేశంలో ఉంది. మన దేశానికి చాలా దూరం. అయినా ఆ పిల్లలు చేసే పని మనకు కొత్త కాదు.

1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ ఒక చిన్న గోళాన్ని ఆకాశంలోకి పంపింది. దాని పేరు స్పుత్నిక్. మనుషులు చేసి భూమి చుట్టూ తిప్పిన మొదటి వస్తువు అదే. అది చూసి అమెరికావాళ్ళు ఉలిక్కిపడ్డారు. "మన పిల్లలకు సైన్సు ఇంకా బాగా నేర్పాలి" అనుకున్నారు.

రెండేళ్ళకు, 1959లో, కాలిఫోర్నియా రాష్ట్రంలో ఓహాయ్ అనే చోట ఒక వేసవి సైన్సు బడి మొదలైంది. హైస్కూలు పిల్లలను తీసుకున్నారు. మొదటి ఏళ్ళలో మగపిల్లలనే తీసుకున్నారు. తరువాత ఆడపిల్లలకూ తలుపు తెరిచారు. ఆ బడి ఇప్పటికీ నడుస్తోంది. న్యూ మెక్సికో, కొలరాడో రాష్ట్రాల్లోని విశ్వవిద్యాలయాల్లో కూడా జరిగింది. ఇతర దేశాల పిల్లలు కూడా వస్తారు. ఫీజు ఉంటుంది. అయితే ఇంటి తాహతును బట్టి తగ్గిస్తారు.

అక్కడ మార్కులు లేవు. ర్యాంకులు లేవు. ముగ్గురు ముగ్గురు పిల్లలు ఒక జట్టు. ఒక్కో జట్టుకు ఒక పని ఇస్తారు. ఆకాశంలో కదిలే ఒక రాయిని వెతకాలి. అది ఏ దారిలో తిరుగుతోందో లెక్క కట్టాలి. అంతే పని. కాని చాలా పెద్ద పని.

ఆకాశంలో రాయి ఏమిటి?

మన భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంది. కుజుడు, గురుడు కూడా అలాగే తిరుగుతారు. వాటితోపాటు లక్షల రాళ్ళు కూడా సూర్యుడి చుట్టూ తిరుగుతున్నాయి. వీటిని గ్రహశకలాలు అంటారు. శకలం అంటే ముక్క. కొన్ని కొండంత ఉంటాయి. కొన్ని ఇల్లంత ఉంటాయి. ఎక్కువ భాగం కుజుడికీ గురుడికీ మధ్యన తిరుగుతాయి. కొన్ని మాత్రం భూమి దారికి దగ్గరగా వస్తాయి.

ఇప్పటికి 13 లక్షలకు పైగా గ్రహశకలాలను గుర్తించారు.

"ఎక్కడో తిరిగే రాయితో మనకేం పని?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న.

2013 ఫిబ్రవరి 15న రష్యాలో చెల్యాబిన్స్క్ అనే నగరం మీదుగా ఒక రాయి దూసుకొచ్చింది. అది సుమారు 20 మీటర్లు ఉంటుంది. అంటే ఆరంతస్తుల మేడ ఎత్తు. అది గాలిలోనే పేలిపోయింది. ముందు పెద్ద వెలుగు వచ్చింది. ఏమిటా అని జనం కిటికీల దగ్గరికి వెళ్ళారు. కాసేపటికి పేలుడు గాలి వచ్చి తగిలింది. కిటికీ అద్దాలు పగిలాయి. సుమారు 1,500 మందికి దెబ్బలు తగిలాయి. అది పగటిపూట సూర్యుడి వైపు నుంచి వచ్చింది. అందుకే ముందుగా ఎవరూ చూడలేకపోయారు.

మన దేశంలో కూడా అలాంటి గుర్తు ఉంది. మహారాష్ట్రలో లోనార్ అనే చోట గుండ్రటి చెరువు ఉంది. ఎన్నో వేల ఏళ్ళ కిందట ఆకాశం నుంచి రాయి పడి ఆ గుంట ఏర్పడింది. దాని అడ్డం కొలత సుమారు 1.8 కిలోమీటర్లు. గుంట ఈ అంచు నుంచి ఆ అంచుకు నడవాలంటే అరగంట పడుతుంది!

తుపాను వస్తుందని ముందే తెలిస్తే ఏం చేస్తాం? పిల్లలనూ పశువులనూ తీసుకుని మెరక మీదికి పోతాం. ఇదీ అలాంటిదే. రాయి దారి ముందే తెలిస్తే ఏదో ఒకటి చేయవచ్చు. 2022 సెప్టెంబరు 26న అమెరికా శాస్త్రవేత్తలు ఒక చిన్న నౌకను పంపి, దూరాన తిరిగే ఒక రాయిని గుద్దించారు. ఆ రాయి ఇంకో పెద్ద రాయి చుట్టూ తిరుగుతుంది. ఒక చుట్టు తిరగడానికి 11 గంటల 55 నిమిషాలు పట్టేది. గుద్దిన తరువాత అందులో 32 నిమిషాలు తగ్గాయి. అంటే రాయి దారిని మనిషి మార్చగలడని తేలింది. అయితే ముందు దాని దారి తెలియాలి కదా!

ఆ దారి లెక్కకు కావలసిన కొలతల్లో కొన్ని ఈ వేసవి పిల్లలు తీస్తారు.

అక్కడ ఒక పిల్ల వేసవి ఎలా గడుస్తుంది?

సుమారు ఆరు వారాలు పిల్లలు అక్కడే ఉంటారు. విశ్వవిద్యాలయం హాస్టల్లో పడుకుంటారు. పగలు పాఠాలు వింటారు. లెక్కలు చేస్తారు. కంప్యూటరుకు లెక్క చేయడం ఎలాగో నేర్పుతారు. పాత రోజుల్లో కంప్యూటర్లు లేవు. అప్పటి పిల్లలు మీటలు నొక్కే లెక్కల యంత్రాలతోనే చేశారు.

రాత్రి అసలు పని మొదలవుతుంది. జట్టులోని ముగ్గురూ టెలిస్కోపు దగ్గరికి వెళతారు. టెలిస్కోపు అంటే పెద్ద దుర్భిణి. దూరాన ఉన్న వాటిని చూపిస్తుంది. దాన్ని ఆకాశంలో సరైన చోటికి తిప్పుతారు. ఫోటో తీస్తారు. కొన్ని నిమిషాలు ఆగి మళ్ళీ తీస్తారు. మళ్ళీ ఆగి మళ్ళీ తీస్తారు.

ఫోటోలో వందల చుక్కలు ఉంటాయి. వాటిలో తమ రాయి ఏది? అది కూడా చిన్న చుక్కలాగే కనిపిస్తుంది. చూడగానే తేడా తెలియదు. అందుకే ఒక ఫోటో చాలదు. రెండు మూడు ఫోటోలు ఒకదాని తరువాత ఒకటి పెట్టి చూస్తారు. అన్ని చుక్కలూ ఉన్నచోటే ఉంటాయి. ఒక్కటి మాత్రం కొంచెం జరుగుతుంది. అదే వాళ్ళ రాయి.

బియ్యంలో మట్టిగడ్డ ఏరినట్టు కళ్ళు పెట్టి వెతకాలి. ఓపిక కావాలి.

చుక్క దొరికాక దాని చోటు కొలుస్తారు. పక్కనున్న నక్షత్రాల చోట్లు ముందే పుస్తకాల్లో రాసి ఉంటాయి. వాటి నుంచి రాయి ఎంత దూరంలో ఉందో కొలిచి రాసుకుంటారు. తేదీ రాస్తారు. గంట, నిమిషం, సెకను కూడా రాస్తారు. టైము రాయకపోతే ఆ కొలత ఎందుకూ పనికిరాదు.

కొన్ని రాత్రులు మబ్బు పడుతుంది. ఏమీ కనిపించదు. ఒక్కోసారి టెలిస్కోపు తప్పు చోటికి తిరిగి ఉంటుంది. ఒక్కోసారి లెక్క ఎక్కడో తప్పుతుంది. అప్పుడు ముగ్గురూ కూర్చుని మొదటి నుంచి వెతుకుతారు. ఒకరి లెక్కను ఇంకొకరు చూస్తారు.

బడిలో చేసే లెక్కకు జవాబు పుస్తకం చివర ఉంటుంది. ఈ లెక్కకు జవాబు ఏ పుస్తకంలోనూ లేదు. ఆ పిల్ల చూసిన చుక్కలోంచి, ఆమె రాసిన అంకెల్లోంచి జవాబు రావాలి. పాఠానికీ పరిశోధనకూ ఉన్న తేడా ఇదే.

మూడు చుక్కల ముగ్గు

రాయి పూర్తి చుట్టు తిరగడానికి ఏళ్ళు పడుతుంది. పిల్లలు చూసేది కొన్ని రాత్రులే. మరి మొత్తం దారి ఎలా తెలుస్తుంది?

మీరు ముగ్గు వేస్తారు కదా. ముందు చుక్కలు పెడతారు. తరువాత గీత కలుపుతారు. నేల మీద మూడు చుక్కలు పెట్టండి. ఒకే గీతలో కాకుండా పెట్టండి. ఆ మూడింటి మీదుగా వెళ్ళే వలయం ఒక్కటే ఉంటుంది. రెండోది గీయలేరు.

ఆకాశంలో లెక్క ఇంతకంటే కష్టం. రాళ్ళు తిరిగే దారి గుండ్రంగా ఉండదు. కోడిగుడ్డులా కొంచెం సాగి ఉంటుంది. పైగా మనం నిలబడిన భూమి కూడా తిరుగుతోంది. అయినా మూలం ఇదే. మూడు వేరు వేరు రాత్రులు చోటు సరిగా కొలిస్తే చాలు. దారి లెక్క కట్టవచ్చు.

ఈ లెక్క కనిపెట్టిన మనిషి పేరు గౌస్. ఆయనది జర్మనీ. 1801 జనవరి 1న ఇటలీలో పియాజ్జి అనే ఆయన ఒక కొత్త చుక్కను చూశాడు. దానికి సీరీస్ అని పేరు పెట్టాడు. కొన్ని వారాలు చూశాక అది సూర్యుడి వెలుగులోకి పోయింది. మళ్ళీ ఎక్కడ వస్తుందో ఎవరికీ తెలియలేదు. అప్పుడు గౌస్ వయసు 24 ఏళ్ళు. పియాజ్జి రాసుకున్న కొలతలు తీసుకుని లెక్క వేశాడు. "ఫలానా చోట చూడండి" అన్నాడు. ఆ ఏడాది డిసెంబరు 31న సీరీస్ అక్కడికి దగ్గరలోనే దొరికింది!

గౌస్ తల్లి గురించి కూడా చెప్పుకోవాలి. ఆమె పేరు డొరోతియా. పేదింటి మనిషి. ఆమెకు చదువు దాదాపు లేదు. కొడుకు పుట్టిన తేదీ రాసి పెట్టుకోలేదు. కాని ఒకటి గుర్తు పెట్టుకుంది. "బుధవారం పుట్టాడు. ఫలానా పండుగకు ఎనిమిది రోజుల ముందు" అని. అది క్రైస్తవుల పండుగ. ఏటా తేదీ మారుతుంది. గౌస్ పెద్దయ్యాక ఆ పండుగ ఏ ఏడు ఏ తేదీన వస్తుందో లెక్క కట్టే పద్ధతి కనిపెట్టాడు. దాంతో తన పుట్టినరోజు తేల్చుకున్నాడు. 1777 ఏప్రిల్ 30.

మనలో ఎంతమంది ఇలా చెబుతాం! "దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడు పుట్టాడు." "వినాయకచవితి ముందు మంగళవారం పుట్టింది." తల్లి గుర్తు పెట్టుకున్న మాట కూడా ఒక కొలతే. రాసి పెడితే ఇంకా గట్టిగా ఉంటుంది.

లెక్క ఎక్కడికి పోతుంది?

పిల్లలు తమ కొలతలను అమెరికాలోనే ఉన్న ఒక కార్యాలయానికి పంపుతారు. ప్రపంచంలో ఎవరు గ్రహశకలాన్ని చూసినా వివరాలు అక్కడికే పంపుతారు. అక్కడ వాటిని సరిచూస్తారు. బాగుంటే అందరి కొలతలతోపాటు చేరుస్తారు. ఆ తరువాత ఏ దేశం శాస్త్రవేత్త అయినా వాటిని వాడుకోవచ్చు.

చూడండి! 16, 17 ఏళ్ళ పిల్ల రాసిన అంకె. దాని మీద పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు ఆధారపడతారు. అందుకే ఆ పిల్ల అబద్ధం రాయకూడదు. మబ్బు పడి కనిపించకపోతే "కనిపించలేదు" అనే రాయాలి. పరిశోధనలో తెలివి ఎంత ముఖ్యమో నిజాయితీ అంత ముఖ్యం.

మన ఆడపిల్లల సంగతి

"అది అమెరికా. మన పిల్లలకు అవుతుందా?" అని మీకు అనిపించవచ్చు.

2020లో గుజరాత్‌లోని సూరత్ నగరంలో ఇద్దరు పదో తరగతి ఆడపిల్లలు ఒక గ్రహశకలాన్ని గుర్తించారు. వాళ్ళ ఊళ్ళో పెద్ద టెలిస్కోపు లేదు. హవాయి దీవుల్లోని టెలిస్కోపు తీసిన ఫోటోలు కంప్యూటరులో వాళ్ళకు వచ్చాయి. ఇద్దరూ వాటిని ఒకదాని తరువాత ఒకటి చూశారు. కదిలే చుక్కను పట్టుకున్నారు. ఇలా దొరికిన దాన్ని ఇంకా ఏళ్ళ తరబడి చూశాకే ఖాయం చేసి అంకె ఇస్తారు. కాని మొదట చూసిన కళ్ళు ఆ ఇద్దరు పిల్లలవి.

మన ఇళ్ళల్లో ఆడపిల్లకు వేసవి ఎలా గడుస్తుంది? కొందరు మిరప కల్లాల్లో పనికి పోతారు. కొందరు చిన్న పిల్లలను ఎత్తుకుంటారు. కొందరికి పదో తరగతి పరీక్ష కాగానే పెళ్ళి మాటలు మొదలవుతాయి. 18 ఏళ్ళు నిండకుండా పెళ్ళి చేయడాన్ని చట్టం ఒప్పుకోదు. అయినా ముహూర్తాలు పెట్టేవాళ్ళున్నారు. ఒక వేసవిలో పిల్ల దారి ఇటూ మారవచ్చు, అటూ మారవచ్చు.

మన దేశంలోనూ వేసవి సైన్సు శిబిరాలు జరుగుతున్నాయి. రాకెట్లు పంపే ఇస్రో సంస్థ 2019లో "యువిక" అనే శిబిరం మొదలుపెట్టింది. అది తొమ్మిదో తరగతి పిల్లల కోసం. సుమారు రెండు వారాలు జరుగుతుంది. పిల్లల రైలు ఖర్చు, తిండి, బస ఇస్రోయే చూస్తుంది. తీసుకొచ్చి దించే తల్లికో తండ్రికో కూడా రైలు ఖర్చు ఇస్తుంది. పల్లె బడుల్లో చదివే పిల్లలకు ఎంపికలో అదనంగా మార్కులు కలుపుతారు. హైదరాబాదులోనూ శ్రీహరికోటలోనూ ఈ శిబిరాలు జరిగాయి. అక్కడ పిల్లలు శాస్త్రవేత్తలతో మాట్లాడతారు. ప్రయోగశాలలు చూస్తారు. చిన్న రాకెట్ బొమ్మలు చేసి ఎగరేస్తారు. ఇది పూర్తి పరిశోధన కాదు. కాని పరిశోధన గడప దాకా తీసుకెళుతుంది.

ఈ సంగతి మీ ఊరి హైస్కూల్లో సైన్సు టీచరును అడగండి. "ఈ ఏడాది ప్రకటన వచ్చిందా అయ్యా?" "మా అమ్మాయి పేరు పంపవచ్చా అమ్మా?" అని అడగడంలో తప్పు లేదు.

పంపే ముందు అడగవలసినవి

ఆడపిల్లను బయటి ఊరు పంపాలంటే తల్లికి భయం ఉంటుంది. ఆ భయం తప్పు కాదు. భయపడి ఊరుకోకండి. అడిగి తెలుసుకోండి.

ఈ శిబిరం నడిపేది ఎవరు? సర్కారా, బడా, బయటివాళ్ళా?

ఆడపిల్లలు ఎక్కడ పడుకుంటారు? రాత్రి వాళ్ళతో ఏ టీచరమ్మ ఉంటుంది?

ఎన్ని రోజులు? ఎవరు తీసుకెళతారు? ఎవరు తిరిగి తెచ్చి అప్పజెబుతారు?

పిల్లతో ఫోనులో ఎప్పుడు మాట్లాడవచ్చు?

డబ్బు కట్టాలా? కడితే రసీదు ఇస్తారా?

జవాబులు కాగితం మీద రాయించుకోండి. మీరే చదువుకోండి. ఇప్పుడు మీకు చదవడం వచ్చు. సంతకం పెట్టమంటే, చదివాకే పెట్టండి.

మీరూ చేసి చూడండి

పరిశోధనకు టెలిస్కోపే అక్కర్లేదు. ఒక నోటు పుస్తకం, ఒక పెన్సిలు చాలు.

మబ్బు లేని రాత్రి వాకిట్లో నిలబడండి. చంద్రుడు ఎక్కడున్నాడో చూడండి. దగ్గరలో పెద్ద చుక్క ఏదుందో చూడండి. కాగితం మీద రెండింటినీ గీయండి. తేదీ, టైము రాయండి. మరునాడు అదే టైముకు, అదే చోట నిలబడి మళ్ళీ గీయండి. ఇలా మూడు రోజులు చేయండి. మూడు బొమ్మలు పక్కపక్కన పెట్టండి. చంద్రుడు చుక్కల మధ్య ఎటు జరిగాడు? తూర్పుకా, పడమటికా?

మీ అమ్మాయిని కూడా పిలవండి. ఆమె వేరే కాగితం మీద గీయాలి. ఇద్దరి బొమ్మలూ పోల్చి చూడండి. తేడా వస్తే పోట్లాడుకోకండి. మళ్ళీ చూడండి. శాస్త్రవేత్తలు చేసేదీ అదే.

ఆలోచించండి – మాట్లాడుకోండి

1. పరిశోధన అంటే ఏమిటి? బడి పాఠానికీ దానికీ తేడా ఏమిటి?

2. రాయి చోటుతోపాటు టైము కూడా ఎందుకు రాయాలి?

3. మీ పిల్లలు పుట్టిన తేదీలు మీరు ఎక్కడ రాసి పెట్టారు?

4. మీ ఊళ్ళో హైస్కూలు చదివే ఆడపిల్లలు ఎంతమంది? పోయిన వేసవిలో వాళ్ళు ఏం చేశారు? వచ్చే వేసవికి మనం ఏం చేయగలం?